పరిసర ప్రాంతంలోని వైద్య, సంరక్షణ సేవలను ఒక్క బృందంగా కలపడం ఎలా?

నమస్కారం. ఒక పరిసర ప్రాంతంలోని ప్రాథమిక వైద్యం, ఇంటి వద్ద నర్సింగ్, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ సేవలను ఒకే ప్రణాళిక కిందికి తెచ్చే పనిలో ఉన్నాను. ఇలాంటి పని చేసినవారి సలహా కోరుతున్నాను.

మొదటి సందేహం జనాభా పరిమాణం గురించి. ఇంగ్లండ్‌లో 2019లో ఏర్పడిన, స్థానిక ప్రాథమిక వైద్యశాలలు కలిసి పనిచేసే ప్రైమరీ కేర్ నెట్‌వర్కులు సాధారణంగా 30,000 నుంచి 50,000 మందికి ఒకటి చొప్పున ఉండగా, నెదర్లాండ్స్‌లో ఇంటి వద్ద నర్సింగ్ అందించే బ్యూర్ట్‌జోర్గ్ సంస్థలో 12 మందికి మించని నర్సుల బృందం, పైన మేనేజరు లేకుండానే, తన పరిసరాన్ని తానే చూసుకుంటుంది. జనాభా ఎక్కువైతే నిపుణులను నియమించుకోవడం సులువు, తక్కువైతే ప్రతి రోగినీ ఎరిగి ఉండడం సులువు. మీరు దేనికి ప్రాధాన్యమిచ్చారు?

అంతకంటే నన్ను కలవరపెడుతున్నది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. మధుమేహంతో, మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలి ఇంటికి ముగ్గురు ఉద్యోగులు వేర్వేరు రోజుల్లో వెళ్లి అవే ప్రశ్నలు అడగడం, ఆమె రెండుసార్లు జారిపడిన సంగతి మాత్రం ఎవరి రికార్డులోనూ లేకపోవడం నేను కళ్లారా చూశాను. అందరినీ ఒకే భవనంలోకి మార్చినంత మాత్రాన ఇది తీరదని నా అభిప్రాయం. ఇలాంటివారికి ఒక్క సమన్వయకర్తను కేటాయిస్తే, ఆ వ్యక్తి నర్సు కావాలా, సామాజిక కార్యకర్త కావాలా? రోగి సమ్మతితో సమాచారాన్ని పంచుకునేటప్పుడు, మానసిక ఆరోగ్య వివరాలు బృందంలో ఎవరెవరికి కనిపించాలి?

నిధులు వేర్వేరు శాఖల నుంచి వస్తాయి కాబట్టి ఉమ్మడి ఖర్చును పంచుకున్న తీరు కూడా చెప్పగలరు. మీ దగ్గర విఫలమైన పద్ధతులుంటే, వాటిని కారణాలతో సహా తప్పక రాయండి.