వుల్ ప్యాడ్ ఎంపిక: నల్ల కారు బానెట్ మీద మసక పోవడం లేదు

నల్లసెడాన్_మారతహళ్ళి:
సభ్యులందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి అపార్ట్‌మెంటు సెల్లారులో కారు బానెట్‌తో కుస్తీ పడుతున్నాను. గీతలు తీయడానికి కంపౌండ్ (రాపిడి పొడి కలిసిన పేస్టు) పూసి వుల్ ప్యాడుతో రుద్దితే గీతలు చాలా మటుకు పోయాయి గానీ, వాటి చోట పొగ పట్టినట్టు మసక మిగిలింది. ట్యూబులైటు కింద అంతా బాగానే ఉంటుంది. మొబైలు టార్చి పెట్టి చూస్తే మాత్రం, వెలుగు ఎటు జరిగితే అటు జరిగే మెరుపు చారలు కనిపిస్తున్నాయి. కంపౌండ్ పెంచి చూశాను, తగ్గించి చూశాను, ఫలితం అదే. నా ప్యాడు నాసిరకందని అనుమానం. బెంగళూరు జె.సి. రోడ్డులో ఒక దుకాణంలో పొడవాటి పోగులతో పురి తిప్పిన ప్యాడు కొనమన్నారు, పక్క దుకాణంలో పొట్టి పోగుల మెత్తటి ప్యాడు మేలన్నారు. రెండింటిలో ఏది కొనాలో చెప్పగలరు.

రోటరీ_మేస్త్రి:
ఏ మిషను? ఎంత వేగం? బానెట్‌కు మళ్ళీ పెయింటు పడిందా?

బోరునీళ్ళ_బాధితుడు:
ప్యాడు సంగతి తరువాత చూద్దాం. మారతహళ్ళి వైపు చాలా అపార్ట్‌మెంట్లలో వాడేది బోరు నీరో ట్యాంకరు నీరో. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎండకు ఆరి, బానెట్ మీద తెల్లటి చుక్కలుగా గట్టిపడతాయి. వాటిని తీయకుండా వుల్ ప్యాడు పెడితే ఆ పెచ్చులే పోగుల్లో చిక్కుకొని కొత్త గీతలు పెడతాయి. తాగునీటితో కార్లు కడగరాదని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి 5,000 రూపాయల జరిమానాతో ఆజ్ఞ జారీ చేసింది కనుక కావేరి నీళ్ళు పట్టుకొచ్చి కడుగుదామన్నా కుదరదు. కాబట్టి వెనిగరును సమపాళ్ళలో డిస్టిల్డ్ వాటరుతో కలిపి, చల్లగా ఉన్న బానెట్ మీద తడిగుడ్డతో కాసేపు ఉంచి కడిగేయండి, ఆపైన క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే బంకమట్టి ముద్ద) తిప్పండి. ఈ రెండూ చేయకుండా ఏ ప్యాడు కొన్నా డబ్బు దండగే.

నల్లసెడాన్_మారతహళ్ళి:
కారు శుభ్రంగా కడిగాకే మొదలుపెట్టానండి. నీటి చుక్కల గురించి నేను అడగలేదు. మిషను మామూలు పాలిషింగ్ మిషనే. నా ప్రశ్న ప్యాడు గురించి.

అంబత్తూరు_డిటైలర్:
చెన్నై నుంచి రాస్తున్నాను. ముందు వుల్ ప్యాడు చేసే పని ఏమిటో చూద్దాం. ఉన్ని పోగులు ఒక్కొక్కటీ కంపౌండ్‌లోని రాపిడి పొడిని పట్టుకొని పెయింటును కోస్తాయి, పోగుల మధ్య గాలి ఆడుతుంది కనుక అదే పని చేసే ఫోమ్ కన్నా వేడి తక్కువ పుడుతుంది. అందుకే లోతు గీతలకు, 2000 నంబరు వాటర్ పేపరు వేసిన గుర్తులకు దీన్ని వాడతారు. పురి తిప్పిన పోగుల ప్యాడు బాగా కోస్తుంది, మసక కూడా ఎక్కువ వదులుతుంది. పురి లేని మెత్తటి ఉన్ని తక్కువ కోస్తుంది, కొంత మెరుగైన నిగారింపు ఇస్తుంది. పోగు పొట్టిదైతే ప్యాడు అదుపులో ఉంటుంది, పొడవైతే బానెట్ అంచుల దగ్గర, మడతల దగ్గర తన్నుకుపోతుంది. ప్యాడు రంగును నమ్ముకోకండి, ఒక కంపెనీ పసుపు మరో కంపెనీ పసుపుతో సమానం కాదు. మీ రెండింటిలో ఒకటి ఎంచమంటే పొట్టి పోగుల మెత్తటిదే అంటాను. అయితే ఏ వుల్ ప్యాడు కొన్నా, నల్ల రంగు మీద దానితోనే పని ముగించలేరు. అది కోత దశకు మాత్రమే, తరువాత మెత్తటి ఫోమ్ ప్యాడు, సన్నటి పాలిష్ తప్పవు.

డీఏ_అభిమాని:
అసలు ఇంట్లో చేసుకునేవారు వుల్ జోలికి పోవడమే తగదు. డ్యూయల్ యాక్షన్ మిషను (తిరుగుతూనే పక్కలకు ఊగేది), మైక్రోఫైబర్ ప్యాడు తీసుకుంటే హోలోగ్రాముల బెడదే ఉండదు. మీకు వచ్చింది స్విర్ల్స్.

రోటరీ_మేస్త్రి:
స్విర్ల్స్ కావు. వెలుగుతో పాటు చారలు కదులుతున్నాయంటే అవి రోటరీ (ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే మిషను) వదిలిన హోలోగ్రాములు. స్విర్ల్స్ మురికి గుడ్డతో తుడవడం వల్ల వస్తాయి, వెలుగు చుట్టూ గుండ్రటి వలలా కనిపిస్తాయి. ఇక డ్యూయల్ యాక్షన్ మసక వదలదన్నది అబద్ధం. మెత్తటి పెయింటు మీద మైక్రోఫైబర్ ప్యాడు కూడా పొగ చూరినట్టు వదులుతుంది, చారలు ఉండవంతే.

డీఏ_అభిమాని:
పేరేదైనా కారణం రోటరీయే కదా. నేనన్నదీ అదే.

రోటరీ_మేస్త్రి:
నా మూడు ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదు.

నల్లసెడాన్_మారతహళ్ళి:
అవసరమని తోచలేదు కనుక రాయలేదు. మిషను రోటరీ, డయల్ చివరి అంకె మీద పెట్టాను. ప్యాడు మిషను పెట్టెలోనే వచ్చింది, ఫోమ్ మీద తొడిగి తాడుతో బిగించే తెల్లటి ఉన్ని కవరు. బానెట్‌కు పోయిన ఏడాది చిన్న దెబ్బ తగిలితే బయటి వర్క్‌షాపులో పెయింటు వేయించాను.

రోటరీ_మేస్త్రి:
ఇది మొదటే రాసి ఉంటే ఈ చర్చంతా తప్పేది. తాడు కవరు వ్యాక్సు తుడవడానికి ఇచ్చేది, కోతకు కాదు. అందులో ఉన్ని ఉందన్న నమ్మకమూ లేదు. రెండు పోగులు పీకి, కారుకు దూరంగా పట్టుకారుతో పట్టుకొని అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడిగా రాలే మసి మిగులుతుంది. నైలాన్, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. డయల్ చివరి అంకె అంటే చాలా రోటరీల్లో నిమిషానికి 3,000 చుట్లు, వుల్‌కు 1,000 నుంచి 1,500 చాలు. పని మధ్యలో పోగులు కంపౌండ్‌తో గడ్డకడితే ప్యాడు దువ్వే పళ్ళచక్రంతో విప్పాలి, లేకపోతే ఆ గడ్డే గీస్తుంది.

అంబత్తూరు_డిటైలర్:
మళ్ళీ పెయింటు పడిందన్నారు కనుక ఒక జాగ్రత్త. ఫ్యాక్టరీ పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల వరకు ఉంటుంది, పైనున్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, అందులో 40 మైక్రాన్ల ప్రాంతం. వర్క్‌షాపులో వేసిన కోటు ఎంత మందమో, ఎంత గట్టిగా ఆరిందో చూసి చెప్పలేం. మందం కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే బానెట్ మీద పలుచోట్ల చూడండి, మొత్తం మందమే తెలుస్తుంది గానీ ఎక్కువ తక్కువలు బయటపడతాయి. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, అక్కడ టేపు అతికించి వదిలేయండి. ఇప్పటికే చాలా రుద్దారు కాబట్టి ఇక వుల్ వద్దు. మెత్తటి ఫోమ్ ప్యాడుతో, ఫినిషింగ్ పాలిష్‌తో, తక్కువ వేగంలో చేతి బరువు వేయకుండా ఒక అడుగు చదరం మాత్రం చేసి చూడండి. నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాకే టార్చి వేయండి, ఎందుకంటే పాలిష్‌లోని నూనె గీతలను కప్పిపెట్టి అంతా బాగైందని భ్రమ కలిగిస్తుంది.

బోరునీళ్ళ_బాధితుడు:
క్లే బార్ వేశారా లేదా అన్నది ఇంకా చెప్పలేదు.

డీఏ_అభిమాని:
ఆ ఫోమ్ ప్యాడును 8 మిల్లీమీటర్ల త్రో (ప్యాడు పక్కలకు ఊగే వెడల్పు) ఉన్న డ్యూయల్ యాక్షన్ మిషనుకు బిగిస్తే పని ఇంకా నిశ్చింతగా సాగుతుంది.

రోటరీ_మేస్త్రి:
ఉన్న మిషనుతో అయ్యే పనికి కొత్త మిషను కొనిపించకండి. స్పిండిలు ఎం14 (14 మిల్లీమీటర్ల మర) అయితే 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు (ప్యాడు అతికించే పళ్ళెం), దానికన్నా కాస్త పెద్ద ఫోమ్ ప్యాడు కొంటే చాలు. ప్లేటు అంచు ప్యాడు బయటికి రాకూడదు.

నల్లసెడాన్_మారతహళ్ళి:
పోగు కాలిస్తే పూసలా ముద్దకట్టింది. ఫోమ్ ప్యాడు, ప్లేటు తెచ్చి ఒక మూల చేశాను, ఆల్కహాలుతో తుడిచాక కూడా చారలు కనిపించడం లేదు. మిగతాది ఆదివారం చూస్తాను. ధన్యవాదాలు.

వైట్‌ఫీల్డ్_కొత్తసభ్యుడు:
నాది తెల్ల కారు, పెయింటు ఫ్యాక్టరీదే, పక్క తలుపు మీద గోరుకు తగిలే గీత ఉంది. దానికి పురి తిప్పిన వుల్ ప్యాడు పనికొస్తుందా?

రోటరీ_మేస్త్రి:
ఏ మిషను?