ఇంజిన్ లేకుండా ఆల్చిప్పలు పట్టడం: ఫాల్ నదీముఖంలో తెరచాప పడవల పని ఎలా జరుగుతుంది?

చుక్కాని:
ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్‌లో ఫాల్ నది సముద్రంలో కలిసే చోటు కారిక్ రోడ్స్. అక్కడి ఆల్చిప్పల్ని ఈనాటికీ తెరచాపతోనో తెడ్డుతోనో మాత్రమే పట్టాలని నిబంధన. ఎందుకు పెట్టారో కొంతవరకు ఊహించగలను. నాకు అంతుపట్టనిది పని జరిగే తీరు. నేలను గోకి ఆల్చిప్పల్ని సంచిలోకి తెచ్చే ఇనుప డ్రెడ్జ్‌ను అడుగున లాగాలి, గాలికి తగ్గట్టు పడవ నడపాలి, పైకొచ్చిన సరుకు ఏరాలి. ఇవన్నీ ఒకరిద్దరు మనుషులు ఒకేసారి ఎలా చేస్తారు? ఇంకో సంగతి. ఆ నిబంధనే ఆల్చిప్పల్ని కాపాడిందంటారు కదా, మరి పట్టేవాళ్ళు ఎందుకు తగ్గిపోతున్నారు?

గాలివాటం:
అసలు పడవను ముందుకు నడుపుతూ లాగరండీ. పడవ వెనక డ్రెడ్జ్ కట్టుకుని ముందుకు పోవడం ఇంజిన్ పడవల పద్ధతి. ఇక్కడ పడవ పక్కవాటుగా కొట్టుకుపోతుంది, డ్రెడ్జ్‌లు దాని వెంట వస్తాయి.

పడవలు సుమారు 20 నుంచి 32 అడుగుల పొడవుంటాయి. చాప కట్టే నిలువు కొయ్య ఒకటే, దానికి పెద్ద చాప, ముందు ఒకటి రెండు చిన్న చాపలు. పెద్ద చాప పై అంచును గాఫ్ అనే వాలు కర్ర ఎత్తి పట్టుకుంటుంది. అడుగున కీల్ అనే దూలం ముందు నుంచి వెనక దాకా నిడుపుగా ఉంటుంది. పడవ గిరగిరా తిరిగిపోకుండా నిలకడగా పక్కకు జరిగేది దాని వల్లే.

ఆల్చిప్పలు పరుచుకుని ఉన్న మేటకు ఎగువన, అంటే గాలీ నీటి ఒరవడీ పడవను మేట మీదుగా మోసుకుపోయే చోట మొదలుపెడతారు. ముందు చాపను గాలి వచ్చే వైపుకే లాగి కడతారు, పెద్ద చాపను తగ్గిస్తారు లేదా వదులు చేస్తారు, చుక్కాని పిడిని ఒక పక్కకు కట్టేస్తారు. ఒక చాప ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి తోస్తుంది. పడవ దాదాపు నిలబడిపోయి మెల్లగా పక్కకు జారుతుంది. ఇక దాన్ని పట్టుకుని కూర్చోవలసిన పని లేదు, మనుషుల చేతులు ఖాళీ అవుతాయి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

డ్రెడ్జ్‌లను గాలి వచ్చే వైపు అంచు నుంచి దించుతారు. అటు అయితేనే పడవ మోకు నుంచి దూరం జరుగుతుంది. రెండో వైపు వేస్తే పడవ మోకు మీదకే ఎక్కేస్తుంది. మోకు పొడవు లోతుకు సుమారు మూడు రెట్లు. తక్కువ వదిలితే డ్రెడ్జ్ కింద ఉండే పళ్లెం అడుగును తాకకుండా తేలిపోతుంది. మరీ ఎక్కువైతే బురదలో దిగబడి సంచి బురదతో నిండుతుంది. ఈ తేడా తెలిసేది చేతి వేళ్ళకే. బిగిసిన మోకు మీద వేళ్ళు ఆనిస్తే, గుల్లల మీద పోతున్నప్పుడు గరగరమని అదురు వస్తుంది. బురదలో అయితే మెత్తగా, బరువుగా ఉంటుంది. రాతికో పాత ఇనుముకో తగులుకుంటే మోకు ఒక్కసారిగా బిగుసుకుని పడవ ముక్కు తిరుగుతుంది. అప్పుడు గుంజకూడదు. మోకు వదులు చేసి, తగులుకున్న చోటికి అవతలగా పోయి వెనక్కి లాగాలి.

గాలి ఎక్కువైతే జారుడు వేగం పెరిగి డ్రెడ్జ్ పైకి లేస్తుంది, కాబట్టి చాప ఇంకా దించాలి. గాలి పడిపోయినా ఆటుపోటు నడుస్తున్నంతసేపు పని సాగుతుంది. గాలీ లేక, నీళ్ళూ నిలబడిపోయిన గంటలో మాత్రం ఏమీ చెయ్యలేరు.

ఉప్పుకళ్ళు:
పైన చెప్పినది తెరచాప పడవల సంగతి. తెడ్డు పడవల తీరు వేరు. వీటిని పంట్ అంటారు, సాధారణంగా ఒక్క మనిషే. లంగరు వేసి, దాని మోకు వదులుతూ దూరంగా పోతాడు. అక్కడ డ్రెడ్జ్ దించి, పడవలో బిగించిన చేతి విన్చ్, అంటే మోకు చుట్టే చక్రం, తిప్పుతూ లంగరు మోకును చుట్టుకుంటూ వెనక్కి వస్తాడు. అంటే పడవను లాగేదీ, డ్రెడ్జ్‌ను లాగేదీ అతని భుజాలే. లంగరు దగ్గరికి చేరాక డ్రెడ్జ్ ఎత్తి, కుమ్మరించి, కొంచెం పక్కకు జరిగి మళ్ళీ మొదలు. గాలి లేని రోజు ఇదే మేలు. గాలి ముదిరితే మాత్రం చిన్న పడవకు కష్టం.

డ్రెడ్జ్ గురించి: ముక్కోణపు ఇనుప చట్రం, కింద పళ్ళు లేని చదునైన పళ్లెం, వెనక సంచి. సంచి అడుగు భాగం నేల మీద రాసుకుంటుంది కాబట్టి ఇనుప కడియాల అల్లిక, పై భాగం వల. పళ్లెం వాలు చూసుకోవడమే కీలకం. నిటారుగా ఉంటే నేలను తవ్వుతుంది, మరీ పడుకుంటే ఆల్చిప్పల మీద నుంచి జారిపోతుంది.

పైకి తెచ్చినది ఏరుడు బల్ల మీద పోస్తారు. ఎక్కువ భాగం ఖాళీ గుల్లలే. అనుమానమున్న ప్రతి ఆల్చిప్పనూ 67 మిల్లీమీటర్ల కడియంలో పెట్టి చూడాలి. దూరిపోయిందా, తిరిగి నీళ్ళలోకే. ఖాళీ గుల్లలూ అక్కడే వెయ్యాలి. ఇది మొక్కుబడి కాదు. వేసవిలో తల్లి ఆల్చిప్ప పిల్లల్ని కొన్ని రోజులు తన చిప్పలోనే ఉంచుకుని వదులుతుంది. అవి ఒకటి రెండు వారాలు నీళ్ళలో ఈది, ఆ తర్వాత శుభ్రమైన గట్టి చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. ఆ చోటు చాలావరకు పాత గుల్లే. గుల్లలన్నీ ఒడ్డుకు తెచ్చేస్తే, ఉన్నవాటి మీద ఒండ్రు పేరుకుంటే, మేట అంతటితో సరి.

ఇవి ముత్యపు చిప్పలు కావని కూడా చెప్పాలి. తినడానికి పట్టే యూరప్ దేశవాళీ రకం, గుండ్రంగా, పళ్లెంలా ఉంటాయి.

చుక్కాని:
ధన్యవాదాలండీ. పక్కకు జారడమనే మాటతో చిక్కు వీడింది. అయితే ఇంత పొందికైన పని ఎక్కడ దెబ్బతింది?

గాలివాటం:
ఒక్కచోట కాదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1982లో బొనామియా. ఆల్చిప్ప రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి అది. మనుషులకు హాని లేదు. కానీ ఆల్చిప్పను రెండు మూడేళ్ళ వయసు దాటాక చంపుతుంది, అంటే కడియం దాటే పరిమాణానికి వచ్చే వేళకే. ఏళ్ళ తరబడి వదిలిపెట్టి పెంచిన సరుకు చేతికొచ్చే ముందు పోతుంది. మందు లేదు. పదేళ్ళు తిరక్కుండానే, 1992 జనవరిలో, మూతపడిన వీల్ జేన్ తగరపు గని నుంచి లోహాలు కలిసిన ఎర్రనీళ్ళు కార్నన్ నది మీదుగా ఈ నదీముఖంలోకే వచ్చాయి.

తర్వాత డబ్బు లెక్క. పని అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకానే. రోజూ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు, శనివారం 1 గంట వరకు, ఆదివారం సెలవు. ఆ వేళల్లో గాలి అనుకూలించాలి. పట్టిన సరుకును, ఆ నీళ్ళు శుభ్రతలో రెండో మెట్టయిన బి తరగతివి అయితే, అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసిన నీళ్ళ తొట్లలో 42 గంటలు ఉంచాకే తినడానికి అమ్మాలి. తొట్లు లేనివాడు తొట్లున్న వర్తకుడు చెప్పిన ధరకే ఇవ్వాలి. 2021 నుంచి బి తరగతి నీళ్ళలో పట్టి శుద్ధి చెయ్యని ప్రాణంతో ఉన్న సరుకును యూరోపియన్ యూనియన్‌కు పంపే దారీ మూసుకుపోయింది.

పడవలు మిగులుతాయి. వేసవి పందేల్లో రంగురంగుల పై చాపలతో చూడముచ్చటగా ఉంటాయి, వాటిని శ్రద్ధగా చూసుకునేవాళ్ళూ ఉన్నారు. నా దిగులు పడవల గురించి కాదు. పందెంలో నేర్చేది వేగంగా పోవడం. పడవను ఆపి జార్చడం, వేళ్ళతో అడుగును చదవడం చలికాలపు పనిలోనే వస్తాయి.

దూరపుదీపం:
ఇంజిన్లకు అనుమతిస్తే బతికేది కదా అని ఎవరైనా అడిగే ముందు, అమెరికాలోని మేరీల్యాండ్ సంగతి చూడండి. చెసపీక్ అఖాతంలో డ్రెడ్జ్ తెరచాప పడవలతోనే లాగాలని 1865లో చట్టం చేశారు. స్కిప్‌జాక్ అనే పడవ 1890ల్లో అలా పుట్టినదే. లోతు తక్కువ నీళ్ళకు సరిపోయేలా అడుగు వెడల్పుగా, కిందకు దించే పలకతో, వెనక్కి వాలిన కొయ్యతో ఉంటుంది. అక్కడి డ్రెడ్జ్‌కు పళ్ళుంటాయి, ఎత్తడానికి డెక్ మీద చిన్న ఇంజిన్ కూడా ఉంటుంది. చేతులతో లాగే ఫాల్ పద్ధతితో పోలిక లేదు.

1967లో వారానికి రెండు రోజులు, పడవ వెనక వేలాడదీసిన చిన్న ఇంజిన్ పడవతో తోసుకుంటూ పట్టవచ్చని సడలించారు. దాంతో గాలి మీద ఆధారపడే రోజులు గిట్టుబాటు కాక, చాలామంది ఆ రెండు రోజులే పనికి వెళ్ళడం మొదలైంది. ఎంఎస్‌ఎక్స్, డెర్మో అనే రెండు రోగాలు ఆల్చిప్పల్ని ఎలాగూ చంపాయి, ఇంజిన్ దాన్ని ఆపలేదు. 2002 నాటికి ఆ పడవలు అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక సంపదల జాబితాకెక్కాయి.

ఫాల్‌లో మాత్రం పగ్గాలు వదల్లేదు. తెరచాప, తెడ్డు మాత్రమే వాడాలన్న 1876 నాటి ఉపనిబంధనల ఆంక్షను 2016 ఫాల్ ఫిషరీ ఆర్డర్ కింద కూడా కొనసాగించారు, ఇప్పుడు చూసుకునేది కార్న్‌వాల్ తీరప్రాంత మత్స్య సంస్థ. నిబంధన ఆల్చిప్పల్ని కాపాడగలదు, ధరను కాపాడలేదు. అక్కడ ఏదైనా చెయ్యాలంటే పట్టేవాళ్ళ సొంత శుద్ధి తొట్ల దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.