పవిత్ర గురువారం పన్నెండు మంది పేర్లు: ఎవరు ఎవరికి విధేయులు?

ప్రశ్న (రాసినవారు: ఊరిగుడి)

అందరికీ స్తోత్రములు. మాది పల్నాడు వైపు ఒక పెద్ద గ్రామం, రోమన్ కతోలిక విచారణ (ఒక గురువు కింద ఉండే గుడి, దాని విశ్వాసులు). మూడేళ్లుగా నేను విచారణ సలహా సంఘంలో సభ్యుడిని. ఊరి పేరు గానీ, ఎవరి పేర్లు గానీ ఇక్కడ రాయను. తగవు తీర్చమని అడగడానికి రాలేదు. ఒక సందేహం ఎంతకీ తీరక వచ్చాను.

పవిత్ర గురువారం (గుడ్ ఫ్రైడే ముందురోజు) సాయంత్రపు పూజలో, యేసు తన శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, గురువులు పన్నెండు మంది పాదాలు కడగడం అందరికీ తెలిసినదే. ఆ పన్నెండు మంది జాబితా మా విచారణలో తపస్కాలం (ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలం) నాలుగో ఆదివారానికల్లా తయారవుతుంది. తయారవుతుంది అనడం కంటే, నిరుటి కాగితం మీది పేర్లనే మళ్లీ దించుకుంటారు అనడం నిజం. అందరూ మగవారే, అందరూ ఊరిలోని పెద్ద కుటుంబాలవారే. ఎవరైనా కాలం చేస్తే ఆయన కుర్చీలో కొడుకు కూర్చుంటాడు. విశ్వాసులలో సగానికి పైగా పల్లెవారే, అంటే ఊరి పక్క దళితవాడవారే అయినా, నాకు ఊహ తెలిసిన నాటి నుంచి పల్లె వారి పాదం ఒక్కటీ ఆ పళ్లెంలోకి రాలేదు. స్త్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నిరుడు మా విచారణకు వచ్చిన ఫాదర్ గారు ఈ ఏడు ఆ కాగితాన్ని పక్కన పెడదామన్నారు. ఊరి నుంచి ఆరుగురు, పల్లె నుంచి ఆరుగురు, మొత్తంలో సగం మంది స్త్రీలు, అందులో ఒక చూపులేని అవ్వ, కాలు విరిగి కర్రల మీద నడుస్తున్న ఒక ఆటో డ్రైవరు ఉండాలన్నది ఆయన ఆలోచన. సంఘం కూర్చున్న రోజున పెద్దలలో ఒకరు లేచి, తపస్కాలమంటే విధేయత నేర్చుకునే కాలమనీ, తాతల నాటి పద్ధతిని తోసిపుచ్చడం అవిధేయతేననీ అన్నారు. మరొకరు, అలా జరిగితే తమ కుటుంబాలు ఆ రాత్రి పక్క విచారణకు పూజకు వెళ్తాయని చెప్పారు. ఫాదర్ గారు వాదించలేదు, వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందామని ప్రార్థన చెప్పి ముగించారు.

మా మామగారు ఆ పన్నెండు మందిలో ఒకరు. గురువుల మాటకు ఎదురు చెప్పకూడదని నాకు నేర్పిందీ ఆయనే. "గురువులు నాలుగేళ్లుండి వెళ్తారు, మనం ఇక్కడే ఉండాలి" అని ఇప్పుడు నాకు నచ్చజెబుతున్నదీ ఆయనే. ఈ విషయంలో ఎవరు ఎవరికి విధేయులు కావాలి? సంఘంలో నేను నా అభిప్రాయం చెబితే అది పెద్దల పట్ల అవిధేయత అవుతుందా? శాంతి కోసం ఈ ఒక్క ఏడాదికి పాదాలు కడిగే కార్యమే మానుకోవడం మంచిదా?

1వ జవాబు (రాసినవారు: విశ్రాంత ఉపదేశి)

బాబూ, ముప్పై ఎనిమిదేళ్లు ఉపదేశిగా (గురువులకు తోడుగా మతబోధ చేసేవాడిగా) పనిచేసినవాడిని కనుక ముందు "తాతల నాటి పద్ధతి" అన్న మాట సంగతి చూద్దాం. పాదాలు కడగడం విచారణ గుడిలో, పవిత్ర గురువారం పూజ మధ్యలో చేరింది 1955లో, పన్నెండవ పయస్ జగద్గురువులు (పోపు) పవిత్ర వారపు ఆచారాలను సవరించినప్పుడు. అంతకుముందు అది పూజలో భాగం కాదు. ఎక్కువగా ప్రధానాలయాల్లోనూ మఠాల్లోనూ విడిగా జరిగేది. పన్నెండు మంది పురుషులు అన్న నియమం ఆ సవరణలోనిదే. 1970 నాటి పూజాగ్రంథంలో పన్నెండు అన్న సంఖ్య పోయింది, పురుషులు అన్న మాట మిగిలింది. అది కూడా 2016 జనవరి 6వ తేదీ నాటి వాటికన్ ఆజ్ఞాపత్రంతో మారింది. ఇప్పుడు ఉన్న మాట, దైవప్రజలలో నుంచి ఎన్నుకున్నవారు అని. స్త్రీలు, పురుషులు, చిన్నవారు, పెద్దవారు, ఆరోగ్యవంతులు, రోగులు, గురువులు, మఠవాసులు, గృహస్థులు కలిసి ఉండవచ్చునని ఆ పత్రమే విప్పి చెప్పింది. అందుచేత మీ పెద్దలు కాపాడుతున్నది వారి తాతల పద్ధతి కాదు, తండ్రుల పద్ధతి. అందులో పల్లెవారిని తీసుకోకూడదన్న మాట ఏ కాలపు పూజాగ్రంథంలోనూ లేదు, అది మన ఊళ్లు చేర్చుకున్నది.

ఎలా చేర్చుకున్నాయో కూడా చెప్పాలి. గుంటూరు ప్రాంతంలో 18వ శతాబ్దంలో జెస్విట్ గురువుల కర్నాటక మిషన్ కాలంలో కొన్ని రైతు కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చాయి. మాల మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి. ముందు వచ్చినవారు ముందు కూర్చున్నారు. కూర్చున్న చోటు క్రమంగా హక్కు అయింది, హక్కు పోను పోను భక్తి లాగా కనిపించడం మొదలుపెట్టింది.

ఇక విధేయత. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో 212వ సూత్రం చదవండి. కాపరుల మాటకు విశ్వాసులు విధేయులై ఉండాలని చెప్పిన ఆ సూత్రమే, శ్రీసభ మేలు గురించి తమ అభిప్రాయాన్ని గౌరవంగా కాపరులకు తెలియజేయడం విశ్వాసుల హక్కు అనీ, కొన్నిసార్లు బాధ్యత కూడా అనీ చెబుతుంది. రెండూ ఒకే సూత్రంలో ఉన్నాయి. సలహా సంఘం పేరులోనే సలహా ఉంది కదా. 536వ సూత్రం ప్రకారం దాని ఓటు సంప్రదింపు వరకే. మీరు నోరు విప్పడం అవిధేయత కాదు. విచారణ గురువుల నిర్ణయం నచ్చకపోతే గుడి మానేస్తామని బెదిరించడాన్ని మాత్రం విధేయత అనడం కష్టం.

నలభై రోజుల కాలం ఎందుకు ఏర్పడిందో మనం మరచిపోయాం. 325లో నైసియాలో కూడిన సభ తన 5వ సూత్రంలోనే దానిని ప్రస్తావించింది. తొలి శతాబ్దాలలో ఇది పాస్కా (ఈస్టర్) జాగరణలో జ్ఞానస్నానం పొందబోయేవారిని సిద్ధం చేసే కాలం. రోమునగరంలో బహిరంగ ప్రాయశ్చిత్తం చేస్తున్నవారిని తిరిగి సంఘంలో చేర్చుకున్నది పవిత్ర గురువారం నాడే. మీ పెద్దలు తలుపు దగ్గర నిలబడి ఎవరు లోపలికి రావాలో లెక్కపెడుతున్న రోజు, బయటివారిని లోపలికి పిలిచిన రోజు.

ఒక చిన్న విషయం. ఈ కార్యంలో పళ్లెం పట్టుకుని గురువుల వెనుక నడిచినవాడిని కనుక చెబుతున్నాను. పెద్ద కుటుంబాలవారు ఆ రోజు ఇంటి దగ్గర కాళ్లు తోముకుని, కొత్త చెప్పులు వేసుకుని వస్తారు. ఒకసారి చివరి కుర్చీలో కూర్చోవలసిన ఆయన రాకపోతే, గురువులు గుడి తోట చూసే ముసలాయనను పిలిచారు. ఆయన మడమలు బీటలు వారి, బీటల్లో నల్లరేగడి పట్టి ఉంది. నీళ్లు ఒక్క క్షణంలో నల్లబడ్డాయి. తువ్వాలుతో ఒకసారి తుడిస్తే పోలేదు, గురువులు మళ్లీ నీళ్లు పోయమని నాకు సైగ చేశారు. ఆ ఒక్కసారే, నేను పట్టుకున్నది కడిగే పళ్లెమని నాకు నిజంగా అనిపించింది.

2వ జవాబు (రాసినవారు: కృష్ణాతీరం)

ఉపదేశి గారికి నమస్కారం. నియమం విషయంలో మీతో నాకు భేదం లేదు. కానీ ఆజ్ఞాపత్రం చూపించి పెద్దల నోరు మూయించడం పాదాలు కడిగే పద్ధతికే విరుద్ధమని నా భయం. ఆ పత్రం స్త్రీలను పిలవవచ్చునన్నది, పిలిచి తీరాలనలేదు. అసలు ఈ కార్యమే విశ్వాసుల ఆత్మీయ అవసరాన్ని బట్టి జరిపేది, మానినంత మాత్రాన పూజకు లోటు లేదు. మన దేశంలోనే, కేరళలో మొదలైన తూర్పు ఆచారపు సీరో మలబారు శ్రీసభ తన సంప్రదాయం ప్రకారం పురుషులనే కొనసాగించింది. దానిని అవిధేయత అని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ పత్రం లాటిన్ (రోమన్) ఆచారానికి సంబంధించినది. మన తెలుగు విచారణలు చాలావరకు లాటిన్ ఆచారంలోనివి కనుక ఆ మినహాయింపు మనకు వర్తించదనుకోండి. అయినా ఆచారం విషయంలో శ్రీసభ నిదానంగా నడుస్తుందని చూపడానికి చెప్పాను.

రెండో మాట. పల్లె స్త్రీలను ఎవరైనా అడిగారా? నడి గుడిలో, ఊరంతా చూస్తుండగా, పురుషుడైన గురువు తమ పాదం పట్టుకోవడం వారిలో కొందరికి ఇబ్బంది కావచ్చు. వారిని గౌరవించడానికి చేసే పని వారినే నలుగురిలో నిలబెట్టి తగవుకు గుర్తుగా మార్చకూడదు. ఈ ఏడు నలుగురితో మొదలుపెట్టి వచ్చే ఏడు పెంచుకుంటే తప్పేమిటి? తపస్కాలం ఓర్పును కూడా నేర్పుతుంది.

3వ జవాబు (రాసినవారు: పల్లె ఆడపడుచు)

కృష్ణాతీరం గారూ, మీరు అడిగిన ప్రశ్న మంచిదే, అడగవలసినదే. పల్లెలో పుట్టి ఇప్పుడు హైదరాబాదులో నర్సుగా పనిచేస్తున్నదాన్ని కనుక నేను జవాబు చెబుతాను. ఇబ్బంది ఉంటుంది. మా అమ్మను అడిగితే వద్దనే అంటుంది. అయితే వద్దనడానికి ఆమెకు మొదట ఎవరైనా రమ్మనాలి కదా. ఓర్పు గురించి మీరన్నది మాత్రం ఒప్పుకోలేను. ఈ విషయంలో ఇప్పటి వరకు ఓర్చుకున్నవారు ఒక వైపువారే.

తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాటి మొదటి పఠనం యోవేలు గ్రంథంలోనిది. అందులో ప్రవక్త పెద్దలను మాత్రమే పిలవడు; పిల్లలను, పాలు తాగే పసివారిని, చివరికి పెండ్లికుమారుడిని, పెండ్లికుమార్తెను కూడా గది విడిచి రమ్మంటాడు. ఆ శుక్రవారం చదివేది యెషయా 58వ అధ్యాయం: కాడిని విరగ్గొట్టి, ఆకలిగొన్నవారికి ఆహారం పంచే ఉపవాసం. పవిత్ర గురువారం రెండో పఠనం కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం, 23వ వచనం నుంచి మొదలవుతుంది. దానికి ముందున్న వచనాలు ఆ సాయంత్రం చదవరు. మీరు ఇంటి దగ్గర చదవండి. ప్రభు భోజనానికి వచ్చి కలిగినవారు ముందే తినేసి లేనివారిని సిగ్గుపరుస్తున్నారని పౌలు కోపగించుకున్నది అక్కడే.

పాదాల విషయంలో నాకున్న అనుమానం మరొకటి. మా ఊరిలో కూడా ఒక ఏడు ఇలాగే జరిగింది. మా పెదనాన్న పాదాలు కడిగారు, ఫోటోలు తీశారు, మేమూ సంతోషించాం. అదే ఏడు వానాకాలంలో ఆయన పోయినప్పుడు, సమాధుల తోటలో ఊరివారి భాగానికీ మా భాగానికీ మధ్య ఉన్న గోడకు ఇవతలే పూడ్చాం. నీళ్లు నిలిచే చోటు కావడంతో గొయ్యిలోని నీటిని బకెట్లతో తోడవలసి వచ్చింది. గోడ అవతల మెరక. 2016 డిసెంబరులో మన దేశపు కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై ప్రకటించిన విధానం, శ్రీసభ లోపల కుల వివక్ష ఉన్నదని దాచకుండా ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, మన దళితులలో ఆ స్థానానికి వెళ్లిన మొదటివారని మా పల్లె పల్లెంతా పొంగిపోయింది. గోడ మాత్రం అంగుళం కదలలేదు. అన్నయ్య గారూ, పేర్ల జాబితా మార్చండి, తప్పకుండా మార్చండి. మార్చాక అదే సంఘంలో సమాధుల తోట గురించి కూడా ఒక మాట అడగండి.

4వ జవాబు (రాసినవారు: విశ్రాంత ఉపదేశి)

అమ్మా, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. విచారణకు సొంత సమాధుల తోట ఉంటే విశ్వాసులను అందులోనే సమాధి చేయాలని 1180వ సూత్రం చెబుతుంది. గోడకు ఏ వైపున అన్న మాట అందులో లేదు. నేను పనిచేసిన విచారణలలో రెండింటిలో ఇలాంటి గోడలు ఉండేవి. అప్పుడు నేను అడగలేదు.

5వ జవాబు (రాసినవారు: ఊరిగుడి)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సంఘం మళ్లీ కూర్చుంది. ఉపదేశి గారు చెప్పిన 1955, 2016 సంగతులు చెప్పాను. పెద్దలు పెద్దగా చలించలేదు, ఒకరు మాత్రం ఆ పత్రం తెలుగులో ఉంటే చూపించమన్నారు. కృష్ణాతీరం గారి సలహా మేరకు ఫాదర్ గారు, మా విచారణ ఉపదేశి, ఒక సిస్టరు ముందుగానే పల్లెకు వెళ్లి అడిగి వచ్చారు. ముగ్గురు స్త్రీలు ఒప్పుకున్నారు, ఇద్దరు వద్దన్నారు. చూపులేని అవ్వ ఒప్పుకుంటూ, కాలి మెట్టెలు తీసెయ్యాలా, ఉంచుకోవచ్చా అని మాత్రం అడిగిందట.

పేర్లు పదకొండు అయ్యాయి. పక్క విచారణకు వెళ్తామన్న కుటుంబాలలో రెండు ఇంకా ఆ మాట మీదే ఉన్నాయి. మా మామగారు సంఘంలో మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర, తన పేరు తీసేసి ఆ కుర్చీ ఆటో డ్రైవరుకు ఇవ్వమని నాతో చెప్పారు. అది విధేయతో అలకో నాకు తెలియలేదు, అడగలేదు కూడా. నీళ్లు గోరువెచ్చగా ఉండాలనీ, చల్లనీళ్లకు ముసలివాళ్ల కాళ్లు కొంకర్లు పోతాయనీ మాత్రం చేయి కడుక్కుంటూ అన్నారు.

చెల్లెమ్మా, సమాధుల తోట మాట నిన్న ఎత్తలేదు. పాస్కా తర్వాతి సమావేశంలో మాట్లాడవలసిన విషయాల కాగితం నేనే రాస్తాను. అందులో మొదటి వరుసలో అదే ఉంటుంది.