డెస్క్‌టాప్ ఇప్పుడే కొనాలా, ర్యామ్ ధరలు తగ్గేదాకా ఆగాలా?

అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల డిజైన్లు చేస్తాం. ఇప్పుడున్నది నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్ 10. పది అడుగుల ఫ్లెక్సీ ఫైల్ ఫోటోషాప్‌లో తెరిచి రెండు ఫోటోలు పెట్టేసరికి తెర బిగుసుకుపోతోంది. పక్కన కస్టమర్ నిలబడి ఉంటాడు, నాకేమో టెన్షన్.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. సరే కొత్తది తీసుకుందామంటే, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. మెమరీ చిప్‌లు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడమే కారణమంటున్నారు.

నా బడ్జెట్ యాభై వేలు, మానిటర్ ఉంది. షాపతను రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ చాలంటున్నాడు. కానీ ఆ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 రకం మదర్‌బోర్డు పాతబడిపోయింది, ముందుముందు మార్చుకునే వీలు తక్కువ. దాని తర్వాతి తరం ఏఎం5 అయితే ఖరీదైన డీడీఆర్5 ర్యామ్ తప్పదు. ఇప్పటికి ఒక్క 16 జీబీ స్టిక్‌తో ఏఎం5 తీసుకుని, రెండోది తర్వాత వేసుకుంటే పని నడుస్తుందా? లేక పాతదానికే ఎస్ఎస్‌డీ వేసి ఇంకో ఏడాది నెట్టుకురావడం మేలా?

ఇంకొకటి, నాకు ముఖ్యమైనది: పాత పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్), అను తెలుగు ఫాంట్లు విండోస్ 11లో ఇబ్బంది లేకుండా వాడుతున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఏళ్ల తరబడి చేసిన కార్డుల ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి.