కారుణ్య మరణం: 70 శాతం మంది సరే అన్నారంటే, దేనికి సరే అన్నట్టు?

కృష్ణాతీరం:
నయం కాని జబ్బు. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు తేల్చారు. రోగి తెలివితో ఉండి, తానే అడుగుతున్నాడు. అలాంటి వారికి ప్రాణం పోయే మందు డాక్టరు రాసిచ్చేలా మన దేశంలో చట్టం రావాలా? రావాలనే నా వాదన. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి ఇది అమల్లో ఉంది. న్యూజిలాండ్‌లో 2020లో జనం ముందు పెడితే 65.1 శాతం ఒప్పుకున్నారు. అమెరికాలో గ్యాలప్ అనే సంస్థ చేసే సర్వేల్లోనూ మెజారిటీ ఇటే. ఇంకా దేనికోసం ఆగాలి?

లెక్కలమాస్టారు:
ఆ సర్వేల్లో ఏమని అడిగారో చూడండి. 2013లో గ్యాలప్ ఒకే విషయాన్ని రెండు రకాలుగా అడిగింది. "నొప్పి తెలియకుండా రోగి ప్రాణం ముగించడానికి డాక్టరుకు అనుమతి ఉండాలా" అంటే 70 శాతం ఔనన్నారు. "రోగి ఆత్మహత్యకు డాక్టరు సాయపడొచ్చా" అంటే 51 శాతమే. ఒక్క మాట మారితే 19 పాయింట్లు పడిపోయాయి. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012 ఎన్నికకు ముందు సర్వేలు చాలావరకు అనుకూలమే, ఓట్ల పెట్టెలో మాత్రం సుమారు 51–49 తేడాతో ఓడింది. యూరప్‌లోని స్లొవేనియాలో 2024లో ప్రభుత్వం సలహా కోసం మాత్రమే ఓటు పెట్టినప్పుడు 55 శాతం దాకా సరే అన్నారు. చట్టం పాసయ్యాక 2025 నవంబరులో అదే జనం దాన్ని తిప్పికొట్టారు.

న్యూజిలాండ్ సంగతి వేరు. 2019లోనే పార్లమెంటు చట్టం రాసి పెట్టింది. 18 ఏళ్లు నిండాలి, ఆరు నెలల్లో ప్రాణం తీసే జబ్బయి ఉండాలి, విషయం ముందుగా డాక్టరు ఎత్తకూడదు, రోగే అడగాలి. ఇవన్నీ కాగితం మీద ఉండగా జనం ఓటేశారు. అందుకే ఆ 65ను నేను నమ్ముతాను.

మన దగ్గర చిక్కు ఇంకా ముదురు. వెంటిలేటర్ తీసేసినా, డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చినా, రోగి తానే మందు మింగినా తెలుగు పత్రికలు రాసేది "కారుణ్య మరణం" అనే. ఆ మాటతో సర్వే చేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

హన్మకొండ_వకీలు:
మాస్టారు చెప్పింది నిజం. ఆ మూడింట్లో మొదటిదే ఇక్కడ చట్టబద్ధం. ఏళ్ల తరబడి స్పృహ లేకుండా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011 సుప్రీంకోర్టు తీర్పు, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ కేసులో 2018 మార్చి 9 తీర్పు, దానికి 2023 జనవరి సవరణ, ఈ మూడూ చికిత్స ఆపడం గురించే. చనిపోవడానికి మందిస్తే భారతీయ న్యాయ సంహిత 108 కింద ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసవుతుంది.

ఉన్న హక్కునైనా మన మాట ప్రకారం వాడుకోవాలంటే ముందస్తు వైద్య నిర్దేశం, అంటే తెలివి లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే చెప్పే కాగితం, రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించాలి. 2018లో మేజిస్ట్రేటు సంతకం అడిగారు, దాంతో ఎవరూ ముందుకు రాలేకపోయారు. అందుకే 2023లో తీసేశారు. మీ తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు ఒకటికి మించి రాయండి. ఒక్కరినే రాస్తే, ఆ సమయానికి ఆయన ఊళ్లో లేకపోతే కథ మొదటికొస్తుంది. కాపీ మీ డాక్టరుకూ, మున్సిపాలిటీ లేదా పంచాయతీ అధికారికీ ఇవ్వాలి. కాగితం బీరువాలో చీరల కింద ఉంటే ఐసీయూలో ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత ఆస్పత్రిలో డాక్టర్లతో రెండు బోర్డులు. మొదటిదాంట్లో వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు. రెండోదాంట్లో జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు. చికిత్స ఆపొచ్చో లేదో ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే చాలు. బోర్డు కాదంటే హైకోర్టు.

కృష్ణాతీరం:
మరి 2004లో హైదరాబాదు చెస్ ఆటగాడు వెంకటేశ్? కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పాడవకముందే దానం చేస్తానన్నాడు. తల్లి హైకోర్టుకు వెళ్లినా ఒప్పుకోలేదు. ఆయన కోరిక మీ రెండు బోర్డుల్లో ఎక్కడ ఇముడుతుంది?

హన్మకొండ_వకీలు:
ఇమడదు. అవయవదాన చట్టానికి బ్రెయిన్ డెత్ ధ్రువీకరణ కావాలి. తెలివిలో ఉన్న మనిషికి ఆ దారి ఈనాటికీ మూతే.

పాలియేటివ్_సిస్టర్:
బోర్డుల దాకా వెళ్లేవాళ్లెందరు? బిల్లు కట్టలేక "లామా" కాగితం మీద, అంటే డాక్టరు వద్దన్నా వెళ్లిపోతున్నామని, సంతకం పెట్టి తీసుకెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అంబులెన్సులో ఎవరో చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ ఉంటారు. ఇల్లు చేరాక నొక్కడం ఆపేస్తారు. నొప్పికీ ఆయాసానికీ ఇచ్చే మార్ఫిన్ ఉండదు, గొంతులో గురగురకు మందు ఉండదు, ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇవ్వరు. దాన్ని రోగి నిర్ణయం అనగలమా?

నోటి మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక, గుర్తింపు పొందిన ఏ ఆస్పత్రైనా ఉంచుకోవచ్చు. మామూలు మాత్ర నాలుగు గంటలకొకటి గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చాక కాదు. మలబద్ధకానికి మందు మొదటి రోజు నుంచే జతచేయాలి. అది మరిచిపోతే మూడో రోజుకు కడుపు బిగుసుకుపోయి రోగే మార్ఫిన్ వద్దంటాడు. ముందు ఇది ప్రతి మండలానికీ చేరనీయండి. నొప్పితో చచ్చిపోతానన్న మాటకూ, నొప్పి తగ్గాక అన్న మాటకూ తేడా ఉంటుంది.

కృష్ణాతీరం:
సిస్టర్ గారూ, మార్ఫిన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ఒరెగాన్‌లో ఆ ప్రాణం పోయే మందు వాడినవాళ్లలో అత్యధికులు అప్పటికే హాస్పిస్ సంరక్షణలో, అంటే చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవలో, ఉన్నవాళ్లే. అక్కడి వార్షిక నివేదికల్లో ముందువరుస కారణాలు నొప్పి కాదు. తన బతుకు తన చేతిలో లేకపోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం. మందు రాయించుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు దాన్ని వాడలేదు కూడా. చేతిలో ఉందన్న ధైర్యమే వాళ్లలో కొందరికైనా సరిపోయి ఉంటుంది. దీనికి మార్ఫిన్ జవాబు కాదు.

పాలియేటివ్_సిస్టర్:
కాదు, ఒప్పుకుంటున్నాను. నా భయం వేరే. "పిల్లలకు భారం అవుతున్నాను" అన్న మాట మన ఇళ్లల్లో ఎంత తేలిగ్గా వస్తుందో మీకూ తెలుసు. ఆ మాట అన్నది రోగా, ఆస్పత్రి బిల్లా? ఇద్దరు డాక్టర్లు పది నిమిషాల్లో దాన్ని ఎలా తేలుస్తారు?

లెక్కలమాస్టారు:
అయితే తెలుగులో సర్వే పెడితే "కారుణ్య మరణం" అనే మాట ఎక్కడా రాకూడదు. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: వెంటిలేటర్ తీయడం, రోగి తానే మింగే మందు, డాక్టరు ఇచ్చే ఇంజెక్షన్. సగం మందికి ఒక వరుసలో, మిగతా సగానికి తిరగేసి. సిస్టర్ గారి భయం కోసం నాలుగోది: "చికిత్స ఖర్చంతా ప్రభుత్వమే భరిస్తే మీ జవాబు మారుతుందా?"

హన్మకొండ_వకీలు:
నాలుగోదాంట్లోని ఖర్చు సంగతి అన్నిటికంటే ముందు పెట్టండి మాస్టారూ. చివర్లో పెడితే, అప్పటికే ఔనన్నవాళ్లు మాట వెనక్కి తీసుకోరు.