మిల్‌గ్రామ్ ప్రయోగంలో జనం లొంగింది అధికారానికా, నమ్మకానికా?

గట్టుమీద గోపన్న:
పైవాడు చెబితే మనిషి ఎందుకు తలవంచుతాడన్న ప్రశ్నకు మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ఇచ్చిన జవాబే ఇప్పటికీ గట్టిదని నా వాదన. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ప్రయోగం ఇది. ప్రయోగానికి వచ్చిన మామూలు మనిషి, గోడ అవతలి మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల చొప్పున పెంచుతూ షాకు ఇవ్వాలి. షాకులు ఉత్తుత్తివే, కానీ మీట నొక్కేవారికి ఆ సంగతి తెలియదు. 300 వోల్టుల దగ్గర అవతలి మనిషి గోడ బాదుతాడు. కాసేపటికి అదీ ఆగిపోతుంది. అయినా 40 మందిలో 26 మంది 450 దాకా వెళ్లారు. బాధ్యత బూడిదరంగు కోటు వేసుకుని పక్కనుండి ప్రయోగం నడిపిస్తున్న ఆయనది, తాము చేయి మాత్రమే అనుకున్నారు.

రెండో ఆట:
అంత సులువుగా తేలదు గోపన్న గారూ. తటపటాయించేవారిని ముందుకు నెట్టడానికి నాలుగు మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నారు. మొదటిది ‘దయచేసి కొనసాగించండి’. రెండోది ‘ప్రయోగానికి ఇది అవసరం’. నాలుగోది ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే’. అసలు సిసలు ఆజ్ఞ ఈ నాలుగోదే. జెర్రీ బర్గర్ అనే మనస్తత్వవేత్త ఈ ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేసేలా మార్చి మళ్లీ చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఆ నాలుగో మాట దాకా వచ్చినవారిలో ఒక్కరూ కొనసాగలేదు! ఆజ్ఞ వినగానే ఎదురుతిరిగారంటే, అంతవరకూ వారిని నడిపించింది భయం కాదు, విజ్ఞానానికి మేలు చేస్తున్నామన్న నమ్మకం. హాస్లం, రైకర్ అనే మనస్తత్వవేత్తల వాదన కూడా ఇదే.

సందేహాల సంచి:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. మిల్‌గ్రామ్ ప్రయోగాల్లో రికార్డు చేసిన టేపులు విన్న రచయిత్రి జీనా పెరీ, సిబ్బంది నాలుగు మాటలతో సరిపెట్టుకోలేదని, ఇంకా చాలా ఒత్తిడి చేశారని రాశారు. షాకులు నిజం కాదేమోనని అనుమానించినవారూ తక్కువేమీ కాదు.

రాత్రి డ్యూటీ:
నేను నర్సును. వోల్టుల లెక్కకన్నా నాకు 1966 నాటి హాఫ్లింగ్ అధ్యయనం దగ్గరగా అనిపిస్తుంది. ముఖం తెలియని డాక్టరు ఫోను చేసి, పరిచయం లేని మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద గరిష్ఠ మోతాదు 10 అని స్పష్టంగా రాసి ఉంది. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వబోయారు. 1977లో తెలిసిన మందుతో, తోటివారిని అడిగే వీలుతో మళ్లీ చేస్తే 18 మందిలో ఇద్దరే సిద్ధపడ్డారు. మిల్‌గ్రామ్ దగ్గరా అంతే. తోటివారిలా నటిస్తూ పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో ఎదురుతిరిగి తప్పుకుంటే 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. కోటు గురించీ నమ్మకం గురించీ మీరు వాదించుకోండి. అర్ధరాత్రి వార్డులో ‘ఇది సరైనదేనా?’ అని అడగడానికి ఇంకో మనిషి ఉన్నారా లేరా అన్నదే నేను చూస్తాను.

గట్టుమీద గోపన్న:
రెండో ఆట గారికి ఒక ప్రశ్న. యేల్ పేరు లేకుండా బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో మామూలు ఆఫీసు గదిలో మిల్‌గ్రామ్ ఇదే ప్రయోగం చేసినప్పుడు కూడా సగానికి కాస్త తక్కువమంది చివరిదాకా వెళ్లారు. అక్కడ ఏ విజ్ఞానం మీద భక్తి?

రెండో ఆట:
అక్కడా యంత్రం ఉంది, ‘పరిశోధన’ అన్న మాట ఉంది. షాకు పెంచమని చెప్పే పనిని ఒక సామాన్యుడికి వదిలేసినప్పుడు 20 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు, చూడండి.

గట్టుమీద గోపన్న:
అధికారి పక్కకు తప్పుకోగానే విధేయత పడిపోయిందంటే అది నా వాదన కదండీ! ఆ నలుగురిని మీ ఖాతాలో ఎలా రాసుకున్నారో కాస్త వివరించండి.