అప్‌డేట్: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో వైజాగ్ సబ్‌మెరైన్ మ్యూజియం, వెళ్లొచ్చాం

విజయవాడ నుంచి పిల్లలతో, అమ్మతో కలిసి ఒక్కరోజులో కురుసుర (మ్యూజియంగా మార్చిన పాత నేవీ జలాంతర్గామి) చూసి రావచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ.

పొద్దున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి రాత్రి రైలుకి తిరిగి రమ్మన్న సలహానే పనిచేసింది. మధ్యాహ్నానికి వైజాగ్‌లో దిగి, భోంచేసి, నేరుగా ఆర్కే బీచ్‌కి వెళ్లాం. సోమవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి.

ఇక అమ్మ సంగతి. లోపలికి మెట్లెక్కి వెళ్లాలి, దారి బాగా ఇరుకు. వెనక జనం వస్తుంటే మధ్యలో ఆగి కూర్చోవడం కుదరదు. గైడ్ గారు ముందే ఈ మాట చెప్పడంతో అమ్మ బయటే ఉండిపోయింది. నేనూ మావారూ వంతులవారీగా తన దగ్గర కూర్చున్నాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బలవంతపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

పిల్లలకైతే పండగే. టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు) వదిలే గొట్టాలు ముందు 6, వెనక 4 ఉంటే, అవి చూసి కదల్లేదు. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది. అంత ఇరుకులో నావికులు రోజుల తరబడి ఎలా ఉన్నారో అని పెద్దాడు ఇప్పటికీ అడుగుతున్నాడు.

పడవలో వెళ్లాలేమో, పిల్లలకి వాంతులవుతాయేమో అన్న భయం అక్కర్లేదు, అది ఒడ్డునే ఉంది. ఎదురుగా ఉన్న టీయూ-142 అనే పాత నేవీ విమానం కూడా అదే సాయంత్రం చూసేశాం.